తడిగోడ మీది అక్షరాలు

మస్తాన్‌బీ అని మా ఊళ్లో ఫోటో స్టూడియో ఆవిడుంది. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆవిడ కెమెరాలోంచి పోవాల్సిందే అనుకో. ఏమైందంటే, ఇటుకబట్టీల సుబ్బారాయుడి కన్ను మా కుమ్మరోళ్ల మట్టిదిబ్బ మీద పడింది. ఆ దిబ్బ ఎప్పుడో రాజులు మాకిచ్చారంట, ఆ సంగతి పాత శివాలయం వెనకగోడ మీద చెక్కించారంట. మరి గుడి కమిటీకి పెద్ద ఎవరు? ఆ సుబ్బారాయుడే! ఓ రోజు, గోడ కారతంది, రేపు పొద్దున్నే సిమెంటు పూయిస్తానన్నాడు. అర్థమైందిగా నీకు?

మా మామ కోటిలింగం వానలో తడుసుకుంటా పోయి, అమ్మా మస్తానూ, ఈ రాత్రికి నువ్వు ఫోటో తియ్యకపోతే రేపటికి మాకు అక్షరమ్ముక్క మిగలదన్నాడంట. ఆవిడ అన్నం ముందునించి లేచి, పద బాబాయ్, అంది. వానంటే అట్టాంటిట్టాంటి వాన కాదు, కుండపోత. కరెంటు లేదు. మామ ఒక చేత టార్చి, ఒక చేత గొడుగు. గొడుగు కెమెరాకి పట్టాడు, ఆవిడ తడిసింది. గుడి వెనకగోడకి ఎదురుగా లైటేసి తీస్తే ఏముందీ, నల్లరాయి, తెల్ల మెరుపు. మళ్లీ తీసింది, అంతే. అప్పుడు, బాబాయ్, టార్చి గోడకి ఆనించి పక్కనించి వెయ్యి, అంది. వేస్తే, నా సామిరంగా, గాట్లన్నిట్లో నీడ నిండి వరసవరసా అక్షరాలు లేచొచ్చినయ్యంట! మామ ఏడ్చేశాడు. ఏడిస్తే చెయ్యి వణుకుద్ది బాబాయ్, తర్వాత ఏడుద్దువుగాని, అని ఆవిడ తీస్తానే ఉంది, తీస్తానే ఉంది.

ఇంతలో జీపొచ్చింది. సుబ్బారాయుడు దిగాడు. ఏయ్, సాయిబులదానివి, రాత్రిపూట మా గుడి దగ్గర నీకేం పని, కెమెరా ఇటియ్యి, అన్నాడు. ఆవిడ కెమెరాలోంచి కన్ను తియ్యలా. "కాస్త పక్కకి జరగండి, అక్షరాల మీద మీ నీడ పడతంది," అంది. ఆయన మీదికొచ్చాడు. ఆవిడ కెమెరా తాడు మెళ్లో రెండు చుట్లు చుట్టుకుని, "లాగండి. ఆడమనిషిని మెడకి తాడేసి ఈడ్చారని రేపు ఊరంతా చెప్పుకుంటది," అంది. అప్పుడు మా మామ, జన్మలో ఆయన ముందు తలెత్తని మనిషి, టార్చి వెలుగు ఆయన మొహం మీద కొట్టి అట్టాగే పట్టుకున్నాడంట! "తియ్యమ్మా, ఈయన్ని కూడా తియ్యి," అన్నాడంట. జీపు వచ్చిన దారినే పోయింది.

పొద్దున్నే సిమెంటు పూయనే పూయించాడు. అయితే ఏం? శాసనాలు చదివే మాస్టారొకాయన ఆ ఫోటోలు చూసి, ఉన్నదున్నట్టు చదివి కాయితం మీద రాసిచ్చాడు. అది పట్టుకుని కోర్టుకెళ్తే, దిబ్బలో బయటోళ్లెవరూ చెయ్యి పెట్టొద్దని కోర్టు చెప్పింది. మస్తాన్‌బీ ఆ ఫోటోని గోడంత ఫ్లెక్సీ కొట్టించి స్టూడియో మీద కట్టింది. ఎవరో చించేశారు. ఇంకోటి కట్టింది. ఇప్పుడున్నది నాలుగోది. నాకు చదువు రాదయ్యా. కానీ అందులో 'కుమ్మరి' అని ఎక్కడుందో అడుగు, కళ్లు మూసుకుని వేలు పెడతా.