దసరాకొచ్చే గోళీ

ఎల్బీనగర్‌లో ఒక దవాఖాన వరండా. క్యాన్సర్ ఎముకల్లోకి పాకిన భార్య పక్కన కూర్చుని, ఆమె నొప్పిని మరిపించడానికి ముసలాయన కోతలు కోస్తున్నాడు.

"ఎనిమిదేండ్లకే నాగుపాము విషం చల్లల కలుపుకొని తాగి పందెం గెలిచిన!"

"గందుకేనా నీ నాలుక గిట్లున్నది?"

"నవ్వకు. గా విషంతోనే నొప్పికి మందు చేస్తున్నరంట, మన మనవరాలు సంతోషి పనిచేసే ల్యాబ్‌ల."

"సూదా? నరం దొరకక రెండు చేతులూ పొడిచి పొడిచి పెట్టిండ్రు."

"కాదే, మింగే గోళీ."

"నీ కడుపు విషాన్నే అరిగించుకున్నది. నా కడుపు గా మందును పనిచెయ్యకముందే అరిగించుకోదా?"

"తెలివైనదానివే! గందుకే కంటికి ఆనని నలకలల్ల దాచి పంపుతరంట, చేదు మందును బెల్లంల పెట్టి మింగిచ్చినట్టు. ఎలుకలకు నొప్పి తగ్గిందంట."

"ఎలుకలు పెట్టి పుట్టినయి. నాకెప్పుడిస్తరు?"

"దసరాకు."

ఆమె వేళ్ళు ముడుస్తూ నెలలు లెక్కపెట్టింది. నాలుగో వేలు దగ్గర ఆగింది.

"నాలుగు నెలలు. పండ్లు బిగవట్టుకొని ఓర్చుకుంటా. నిజం చెప్పు, విషం తాగినవా?"

"యాడిది! ఉత్త చల్లనే. పామును చూస్తే లాగు తడిసేది."

ఆమె నవ్వింది. నవ్వితే పక్కటెముకలు కలుక్కుమన్నాయి.

"ఇంకేమేం కల్పించినవ్?"

"గోళీ నిజం. ఎలుకలు నిజం."

"మరి?"

ముసలాయన ఆమె ముడిచిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు.

"దసరా నేను కల్పించిందే. ఇంకో పదేండ్లు పడ్తదన్నది సంతోషి."