దుల్కీలో తప్పిన దెబ్బ

“జేజీ, గుర్రానికి నాలుగు రకాల నడకలంట. స్వారీ నేర్పే సారు చెప్తే బుర్రకెక్కళ్యా. మీ నాయన జట్కా తోలినాడు కదా, నువ్వన్నా చెప్పు.”

ఆ సారుకే తెలిసుంటే కదా మే నీ బుర్రకెక్కేది! టోపీ పెట్టుకుంటే గుర్రం తెలిసిపోతాదా? ఇట్ల రా, కూచో. కండ్లు మూసుకో. నేను మంచం పట్టె మీద కొడతా, నువ్వు లెక్కపెట్టు. లెక్కల్లో గట్టిదానివి కదా.

టక్, టక్, టక్, టక్. నాలుగు. అన్నీ సమానంగా పడతాండాయి కదా? ఇది మామూలు నడక. ఒక్కో కాలూ వేరేగా నేలను తాకుతాది. నువ్వు బిగుసుకోని కూచోవాకు, నడుము వదిలెయ్యి. అది ఎట్ల ఊగితే అట్ల ఊగు.

ఇంగ రెండోది. టక్ టక్, టక్ టక్. రెండే దెబ్బలు. ముందర కుడికాలు, ఎనకాల ఎడమకాలు ఒకేసారి పడతాయి. మళ్ల ఆ పక్క జత. మా నాయన దీన్ని దుల్కీ అనేవాడు. పక్క జట్కా సాయిబన్న కాడ నేర్చిన మాట. జట్కా గుర్రం రోజంతా దుల్కీలోనే పోతాది. ఎక్కినోళ్లు ఒక దెబ్బకు లేచి, ఒక దెబ్బకు కూచోవాల. లేకుంటే మూటను ఎగరేసినట్ల ఎగరేస్తాది. నేనూ ఎక్కినాలే, జీను గూడా ల్యాకుండా! నీళ్లు తాపి తోలుకొచ్చేటప్పుడు. మా అమ్మ చూసిందంటే చీపురు తిరగేసేది.

మూడోది మూడు దెబ్బలు. టక్ టక్ టక్... టక్ టక్ టక్... మధ్యలో రవంత గమ్మునుంటాది చూడు, అబ్బుడు నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి. ఉయ్యాల మాదిరి. నాలుగోది దౌడు. దాంట్లో గూడా నాలుగు దెబ్బలే, అయితే చాటలో ఉలవలు పోసినట్ల గబగబా పడతాయి. ఇబ్బుడు నీకు దాంతో పనిల్యా. మీ సారు ఈ ఆదివారమే మూడోది చేపిస్తానన్నాడా? నువ్వు ఎక్కబట్టి ఎన్నాళ్లయింది మే? పది దినాలు! ఆయప్పకేం పుట్టింది అంత తొందర?

నువ్వు గుర్రమెక్కి పోయిన వీడియో ఉందన్నావే, పెట్టు. నాకు చూపియ్యాకు, ఈ కండ్లతో ఏం కనపడతాది. వినిపియ్యి. తారు రోడ్డు మీద తీసినారా? మంచిపని. మట్టి మీద అయితే వినపడేది కాదు.

ఆపు. ఇంగోసారి పెట్టు.

ఇదేంది మే! టక్ టప్, టక్ టప్. వినపళ్యా నీకు? దుల్కీలో రెండు దెబ్బలూ ఒకటే బరువుతో పడాల. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడతాందంటే ఏదో కాలు నొప్పి. నొప్పుండే కాలును మోపీమోపనట్ల పెడతాది. బరువంతా మంచికాలు మీద ఏస్తాది. ముందరి నొప్పికాలు నేలకు తగిలినప్పుడల్లా తల పైకి ఎత్తుతాది. నువ్వు కండ్లతో చూసి చెప్పు, తల ఎగరేస్తాందా? తల పైకి పోయేటప్పుడు ముందర ఏ కాలు నేల మీదుండాది?

“ఎడమది. సారు అది సోమరి గుర్రం అన్నాడు జేజీ.”

సోమరి! నొప్పితో నీ బరువు మోస్తాంటే సోమరి అంట! సారును కాదు, నిన్ను అనాల. ఎక్కి కూచున్నది నువ్వు. సిగ్గుల్యా?

ఉండు, చెప్తా. మాకొక నల్ల ఆడగుర్రం ఉండె. గౌరి. నాయన జట్కా అనంతపురం స్టేషన్ కాడ. ఊళ్లోకి బాడుగ పావలా... కాదు, పావలా తరవాత అయింది, ముందు రెండణాలే. ఆ ఏడు వాన ల్యా. చెనిక్కాయ చెట్లు పూతలోనే మాడిపోయినాయి. ఇంట్లో ఉలవలు ఉండేదే రవంత, అవీ మా అమ్మ గౌరికే పోసేది. మేము అంబలి తాగేవాళ్లం. నాకు పన్నెండేండ్లు, నాయన పక్కనే కూచోని పోయేదాన్ని. ఒక దినం పొద్దున్నుంచీ వింటాండా, ఇదే, టక్ టప్, టక్ టప్. ముందురోజే కొత్త లాడాలు కొట్టించినాడు. చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే బండి నిలబెట్టాల. నిలబెడితే ఆ పొద్దుకు అంబలి గూడా ల్యా. గమ్మునున్నా.

మధ్యాహ్నం ఒక ప్లీడరు ఎక్కినాడు. రైలు పోతాది, బిరీన తోలు, బిరీన తోలు అని ఒకటే రంపు. నాయన చెర్నాకోల తీసినాడు. మిట్ట ఎక్కేటప్పుడు గౌరి మోకాళ్ల మీద పడింది. ఎముక విరిగింది. మళ్ల లేయళ్యా. ప్లీడరు దిగి, పంచె దులుపుకోని, ఇంగో జట్కా ఎక్కి పోయినాడు మే, ఎనక్కి గూడా చూళ్యా!

నాయన ఆ రోడ్డు మీదే కూచోని లాడం ఊడదీసినాడు. ఒక మేకు పక్కకు దిగి మాంసంలోకి పోయుండాది. “నీకు వినపళ్యా పాపా? నీ చెవి నాదానికంటే మంచిది కదా” అన్నాడు. కొట్టినా బాగుండె. కొట్టళ్యా. వినపళ్యా నాయనా అన్నా. ఆయన పోయేదాకా అదే మాట మీద ఉన్నా. వినపడింది మే. నీకే చెప్తాండా.

ఫోన్ చెయ్యి ఆ సారుకు. ఇబ్బుడే. ఆదివారం నేనెక్కను, ఎవురినీ ఎక్కియ్యాకండి, ఎడమకాలు లాడం తీపిచ్చి చూడండి అను. గొణగాకు, గట్టిగా చెప్పు. ఏమంటాండాడు? నీకెవరు చెప్పినారు అంటాండాడా? ఇట్లియ్యి.

ఏమప్పా! కండ్లు కనపడని ముసలిదాన్ని, మంచం మీద కూచోని నేను పట్టుకున్నా. పొద్దున్నుంచి సాయంత్రందాకా దాని ముందరే నిలబడే నీకు తెలియళ్యా? దుడ్లు వసూలు చేసేది తెలుస్తాదే! పిల్లోళ్లను ఎక్కిచ్చి... హలో? హలో? పెట్టేసినాడు. పెట్టేసినాడు మే, వాని టోపీకి నిప్పు పెట్ట!

నువ్వెందుకు ఏడుస్తావు? పొద్దున్నే పశువుల డాక్టరును ఎంబడి తీసుకోని పో. ఆ సారు రానియ్యకపోతే గేటు కాడ నిలబడి అరిచి చెప్పు. దాని మీద ఇంగ ఎవురూ ఎక్కకుండా చూసుకో. నవ్వేటోళ్లు నవ్వనీ, నీకేం.

దా, దగ్గరికి రా, తల ఇట్ల పెట్టు. చల్లగుండు తల్లీ. చూసింది చూసినట్ల చెప్పే నోరు ఇయ్యనీ దేవుడు నీకు. నా మాదిరి... పో, పడుకో పో, పెందలాడే లేయాల.