కిటికీ పక్క మంచం

ఖైదీలు క్షయ మందులు మధ్యలో ఎందుకు మానేస్తారని నన్నడుగుతావేంట్రా మనవడా, మీ ఆఫీసు కాగితంలో గళ్లుంటాయిగా, ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టెయ్. వాంతులని రాయి, తిండి చాలదని రాయి, విడుదలై వెళ్లిపోయాడని రాయి. అన్నీ నిజమే. మా వార్డులో ఓ టైలరు ఖైదీ ఉండేవాడు, వాడికి మాత్రం అందులో గడి లేదు. నేను జైలాసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నప్పటి మాట, మీ నాన్నకింకా మీసం కూడా రాలేదు. ఏం చేసి లోపలికొచ్చాడో నేనడగలేదు, మనకెందుకు. పొద్దున్నే నా ఎదుటే మాత్రలు మింగాలి, నోరు తెరవాలి, నాలుక ఎత్తాలి. "చూసుకోండి సార్, లోపల గుడ్డముక్క కూడా లేదు" అనేవాడు. నేను నవ్వేసి, నాలుక ఎత్తమనడం మర్చిపోయేవాణ్ణి. అదీ నా తెలివి. రెండు నెలలైనా కఫంలో పురుగు పోదే! ఓ రోజు వాడి దిండు దులిపితే అంచు గట్టిగా తగిలింది. విప్పి చూస్తే మాత్రలు, వరసగా, చొక్కాకి గుండీలు కుట్టినంత నీటుగా. "చావాలనుందేంట్రా నీకు?" అన్నాను. "నయమైతే బ్యారక్‌కి పంపేస్తారు సార్. అక్కడ కిటికీ లేదు. ఇక్కణ్ణుంచైతే మా పాప బడికెళ్తూ కనిపిస్తుంది, చెయ్యూపుతుంది. డాక్టరుగారికి చెప్పకండి సార్, ఇంకొక్క నెల." నాకూ కూతురుందిగా, మీ అత్త. నోరు మూసుకున్నాను. నెల కూడా పట్టలేదు, ఇరవై రోజులకే రక్తం కక్కుకుని పోయాడు.

శవం కోసం భార్య వచ్చింది, పాపని వెంటేసుకుని. నేనేదో పెద్దమనిషిలా "మీ నాన్న రోజూ నిన్ను చూసుకునేవాడమ్మా" అన్నాను. వాళ్లమ్మ నా మొహంలోకి అదోలా చూసింది. "ఎక్కణ్ణుంచండీ? మా ఊరి నుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి. పిల్ల ఈ వీధిలో అడుగు పెట్టడం ఇవాళే." ఆ మంచం మీదికి లారీ డ్రైవరొకడు వచ్చాడు. వారం తిరక్కుండా వాడి పరుపు కిందా మాత్రలే. పాపం కుట్టడం రాదుగా, కాగితంలో పొట్లం కట్టాడు. "ఏంట్రా నీ రోగం?" అంటే కిటికీలోంచి చెయ్యూపుతున్నాడు. వాడికి పెళ్లే కాలేదురా! వాడి భుజం మీంచి నేనూ వంగి చూశాను. కింద రోడ్డు మీద ఓ పిల్ల ఆగింది, తలెత్తింది. చూసింది వాణ్ణి కాదు, నన్ను.

డ్రైవరు మాత్రల సంగతి కూడా నేను డాక్టరుకి చెప్పలేదు. చెబితే ఆ కిటికీ మూయించేస్తారని... నీ టీ చల్లారిపోయింది, తాగు.