మూడు వోల్టుల మోటారు

కాస్త దగ్గరికి జరిగి చెవి ఇటు పెట్టండి. కోయంబత్తూరులో చెల్లాత్తాళ్ మోటార్ల కొట్టు అది. బల్లకు అటు ఆమె, ఇటు పన్నెండేళ్ళ తర్వాత ఆమెకు ఎదురుపడ్డ నాచిముత్తు. వెనకాల కాయిళ్ళు చుడుతూ ఆమె తోడికోడలు రాసాత్తి.

"ఈ స్టెప్పర్ మోటార్లు పనికిరావక్కా. పసుపు ప్యాకెట్ల మిషను నాలుగు ప్యాకెట్లకే నిలబడిపోతోంది. రేపు ఈరోడ్ మిల్లువాళ్ళ ముందు నడిపి చూపించాలి. ఆగిందా, నా పని అయిపోయినట్టే."

"రాసాత్తీ, సారుకి మజ్జిగియ్యి, చెమటలు కారుతున్నాయి. ఏదీ, చూడనీ. ఇరవై నాలుగు వోల్టులు. కాయిల్ అరవై ఓములు, కరెంటు దూరేందుకే ఆలస్యం. ఇది నత్తరా నాచిముత్తూ! వేగం అడిగితే ఎక్కణ్ణించి తెస్తుంది? ఇదిగో, ఇది తీసుకో. మూడు వోల్టులు, రెండు ఆంపియర్లు, కాయిల్ ఓమున్నర."

"మూడొద్దు."

"ఏం?"

"మిషన్లో సప్లై ఇరవై నాలుగు. నాకు ఇరవై నాలుగుదే, కాస్త బలమైంది ఇవ్వు."

"ఉండనీ ఇరవై నాలుగు. మోటారుకి ముందు పెట్టే డ్రైవరు బోర్డులో కరెంటు రెండు ఆంపియర్ల దగ్గర కట్టడి చేస్తే చాలు, గుర్రంలా పరిగెడుతుంది."

"అబ్బే, వద్దక్కా. మూడుది వద్దన్నానా!"

"అంత భయమేంటి? కరుస్తుందా?"

"ఎవడైనా డ్రైవరు లేకుండా తగిలిస్తే మసే. ఇరవై నాలుగుని ఓమున్నరతో భాగించు, పదహారు ఆంపియర్లు! రెండు తాగే కాయిల్‌కి పదహారు పోస్తే..."

"పోస్తే?"

"ఇరవై నాలుగుదే ఇవ్వక్కా."

"చెప్పు తంబీ, లెక్క బాగా చెప్తున్నావు. పాత ఓనరు షెడ్డులో మనిద్దరం పనిచేసేటప్పుడు ఇలాంటి మూడు వోల్టులవే ఆరు మోటార్లు మసైపోయాయి కదా. అప్పుడేమన్నావు?"

"పాత సంగతులు ఇప్పుడెందుకక్కా?"

"ఏమన్నావు?"

"చుట్టడం బాగాలేదన్నాను."

"ఎవరు చుట్టింది?"

"నువ్వు."

"ఆ ఒక్క మాటతో ఊళ్ళో ఏ షెడ్డూ నన్ను తీగ ముట్టనివ్వలేదు. నాలుగేళ్ళు రోడ్డు పక్కన ఇడ్లీలమ్మాను. డ్రైవరు లేకుండా తగిలించింది నువ్వే కదూ?"

"నేనే. తొందరలో."

"సరే, తెలియక చేశావు. మరి ఈ పదహారు లెక్క ఎప్పుడు తెలిసింది?"

"ఎప్పుడో."

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. మీటరు పెట్టి చూశాను. ఓనరు వెళ్ళగొట్టాక నువ్వింకా గేటు దగ్గరే నిలబడి ఉన్నావు."

"గేటు దగ్గరే."

"తప్పేనక్కా. కాళ్ళు పట్టుకుంటాను. ఆ మూడుదే ఇచ్చెయ్."

"ఇన్నేళ్ళూ నిన్ను తెలివితక్కువవాడనుకున్నానురా. ఆ డబ్బా లోపల పెట్టు రాసాత్తీ. రేపు మిషను ఆగితే, చుట్టడం బాగాలేదని చెప్పుకుంటాడులే, నోటికి అలవాటైన మాటే."

"అక్కా! మిల్లువాళ్ళు..."

"రాసాత్తీ, నువ్వు మాత్రం విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకో. ఆ ఆరు మోటార్లు ఎవరు తగలబెట్టారని ఏ షెడ్డులో అడిగినా చెప్పు. అడక్కపోయినా చెప్పు."