వాన నెలకి ఎండ బొమ్మ

ప్రెస్సు ఎదురుగా ఉన్న టీకొట్టులో బాబాయి నోరు తెరిచాడంటే వినేవాళ్ళ గ్లాసుల్లో టీ చల్లారిపోవలసిందే. రాతనీ బొమ్మల్నీ కంప్యూటరులో పేజీకి పేజీ అమర్చే పనిలో జుట్టు నెరిసిన మనిషాయన. చేసే పని మంచిదే. చెప్పుకునేది మాత్రం దానికి పదింతలు ఉంటుంది.

ఆ మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. రేకుల పంచన బల్ల మీద బాబాయి, ఆయనకి ఎదురుగా బైండింగు తాత, పొయ్యి దగ్గర కొట్టు అక్క. ప్రెస్సు మెట్లు దిగి, నెత్తిన ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది. బాబాయికి స్వయానా అన్న కూతురు. ఫోన్లు ఎత్తే పనిలో చేరి, ఈమధ్యే పేజీల బల్ల దగ్గరికి మారింది. నెత్తిన ఉన్న కవరులో ప్రూఫు కాగితాలున్నాయి. తల తడిసింది గానీ అవి తడవలేదు.

"బాబాయ్, బొమ్మలు మళ్ళీ జరిగిపోయాయి," అంది బల్ల చివర కూర్చుంటూ.

అది ప్రథమ చికిత్స పుస్తకం. బొమ్మలన్నీ గీసినాయన ఒకే ఫైలులో వరసగా పెట్టి పంపాడు. ఎక్కడ ఏ నంబరు బొమ్మ రావాలో రాతప్రతిలో రాసే ఉంది. ఈ పిల్ల ఆ నంబర్లే ఇచ్చి బొమ్మల్ని పేజీల్లోకి తెచ్చింది. తీరా చూస్తే విరిగిన చేతికి కట్టు కట్టాల్సిన చోట ముక్కు పట్టుకున్న మనిషి వచ్చాడు. ఒక్కొక్కటీ చేత్తో సరిచేసుకుంది. ఇంతలో గీసినాయన బొమ్మల ముందున్న పేజీలకి ఇంకోటి చేర్చి కొత్త ఫైలు పంపాడు. దాంతో అన్నీ మళ్ళీ జరిగాయి.

"సాయంత్రం మిషనెక్కాలి. ఈసారీ తప్పొస్తే పుస్తకం ఇంకొకళ్ళకిచ్చేస్తానన్నారు ఓనరుగారు. నేను మళ్ళీ ఫోన్ల దగ్గరికే పోవాలన్నారు."

"ఓస్, ఇంతేనా," అన్నాడు బాబాయి. "కూర్చో. ఒకసారి నాకూ అచ్చం ఇలాంటిదే తగిలింది. సైకిలు రిపేరు పుస్తకం. బొమ్మలు తెచ్చి పెడితే గొలుసు ఉండాల్సిన చోట గంట, గంట ఉండాల్సిన చోట సీటు. ఇంకొకళ్ళయితే బొమ్మ తర్వాత బొమ్మ చేత్తో మార్చుకుంటూ కూర్చునేవాళ్ళు."

ఆ పిల్ల తల దించుకుంది.

"నేను కళ్ళు మూసుకుని ఫైలు వాసన చూశాను. రోగం తెలిసిపోయింది. ప్రతి పేజీకీ ఒక చీటీ ఉంటుందమ్మా, పేజీ లేబులంటారు. బొమ్మల చీటీలు ఒకటి నుంచి మొదలు. కానీ వాటికి ముందు ఎవరున్నారు? అట్ట, లోపలి అట్ట, ముందుమాట, విషయసూచిక. వాటికి రోమన్ అంకెల చీటీలు. సభకొచ్చిన పెద్దమనుషుల్లాగా ముందు కుర్చీలన్నీ వాళ్ళే ఆక్రమించుకున్నారు. నేను చేతులు కట్టుకుని, అయ్యా, తమరు పక్క గదిలోకి దయచేయండి, ఇక్కడ పనివాళ్ళు కూర్చోవాలి అన్నాను."

"లేచారా మరి?" అన్నాడు తాత.

"లేవక చస్తారా. అందరూ లేచారు గానీ ముందుమాట కదల్లేదు. మహా పొడుగు మనిషి. చంకనెత్తుకుని దింపొచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన పాత చీటీలు గోటితో గీకాను. పెద్ద గుట్టయింది. ఇంతలో ఏ పుణ్యాత్ముడో ఫ్యాను వేశాడు. చీటీలన్నీ కిటికీలోంచి ఊరి మీద పడ్డాయి. స్టేషనుకి పోయే బస్సుకి రోమన్ అయిదు అంటుకుంది. డ్రైవరుకి రోమన్ అంకెలు రావు పాపం. బస్సుని తిన్నగా ముందుమాటలోకి తోలుకుపోయాడు. ఎక్కినవాళ్ళంతా కృతజ్ఞతల దగ్గర దిగి నడిచొచ్చారు."

"టిక్కెట్టు ఎక్కడిదాకా కొట్టారో," అంది అక్క పాలు కలుపుతూ.

"నువ్వు నవ్వుతావుగానీ అక్కా, ఊరంతా అల్లకల్లోలం. ఇళ్ళ నంబర్లు మారిపోయి మొగుళ్ళు పక్కింటికెళ్ళి అన్నం తిన్నారు. గడియారం పన్నెండు కొట్టి, ఒంటిగంట బదులు విషయసూచిక కొట్టింది. ఊళ్ళో పెద్దలంతా నా దగ్గరికొచ్చి, నువ్వే దిక్కన్నారు. డాబా ఎక్కాను. అప్పట్లో మౌసుకి తోకుండేది. ఆ తోక పట్టుకుని గిరగిరా తిప్పి ఆకాశంలోకి విసిరాను. అది ఒక్కో చీటీనీ నోట కరుచుకుని తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది."

"బాబాయ్, నాకు టైము లేదు," అంది ఆ పిల్ల.

"అయిపోవచ్చిందమ్మా. ఒక్క చీటీ మిగిలింది. ఎక్కడుంది? చంద్రుడి మీద. నిండు చంద్రుడు తెల్లగా కనిపిస్తే ఖాళీ పేజీ అనుకుని పోయి వాలింది. నిచ్చెన మీద నిచ్చెన వేయించి, ఎక్కి, పీకేశాను. జిగురు మాత్రం వదల్లేదు. ఇప్పటికీ చూడొచ్చు."

"చంద్రుడి మీద మచ్చ నీదేనన్నమాట," అన్నాడు తాత.

"నా గోటిది. ఆ రోజు నుంచి, తాతా, నా చేతి కింద ఒక్క పేజీ, ఒక్క బొమ్మ, పక్కకి జరిగిందంటే ఒట్టు."

కొట్టు అక్క టీ వడకట్టడం ఆపింది.

"తమ్ముడూ, చంద్రుడి దాకా నేను రాలేను. ఒక్కసారి వెనక్కి తిరిగి ఈ గోడ చూడు."

గోడకి ప్రెస్సు వాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. బయట వాన రేకుల మీద డప్పు వాయిస్తోంది. వాన నెల తేదీల పైన బొమ్మలో మాత్రం నేల పగిలిపోయి, ఒక ముసలాయన చెట్టు కింద విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"నువ్వు వేసిందే. నీ చేత్తో నువ్వే మేకు కొట్టి తగిలించావు. ఎండలు మండిన నెల్లో పూలు పూశాయి. ఇప్పుడు వానొచ్చింది, ఎండ బొమ్మొచ్చింది. తేదీలు సరిగ్గా ఉన్నాయి కదాని ఊరుకున్నాను. ఊరందరి చీటీలూ సర్దినవాడివి, నా గోడ మీద బొమ్మలు నెల వెనకబడ్డాయేం?"

తాతకి టీ పొలమారింది. బాబాయి క్యాలెండరు వంక చూశాడు, వాన వంక చూశాడు.

"అదీ... తడిసొచ్చినవాళ్ళకి కాస్త వెచ్చగా ఉంటుందని," అన్నాడు. కానీ గొంతులో పస లేదు.

ఆ పిల్ల నవ్వలేదు. లేచి వెళ్ళి క్యాలెండరు కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. రెండో నెలకి మొదటి నెల బొమ్మ. మూడో దానికి రెండో నెలది. మరి మొదటి నెలకి? అక్కడ క్యాలెండరు అట్ట బొమ్మే ఇంకోసారి ఉంది. కాగితం వేళ్ళ మధ్యే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి చొక్కాలకి ఒకటి, రెండు, మూడు అని చీటీలు గుచ్చామనుకోండి. వాళ్ళ ముందు నలుగురు పెద్దవాళ్ళొచ్చి నిలబడ్డారు. గుమ్మంలో బంట్రోతుని, అయిదో పిల్లని పంపవయ్యా అన్నాం. అతను చీటీలు చూసే రకం కాదు, తలలు లెక్కపెట్టే రకం. పెద్దవాళ్ళతో కలిపి లెక్కేసి, ఒకటో చీటీ పిల్లని పంపాడు. వచ్చిన పిల్ల తప్పేం లేదు, బంట్రోతు తప్పూ లేదు. మనం చీటీ నంబరు చెప్పాం, అతను తలల లెక్క విన్నాడు. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేరూ ఆ బంట్రోతు లాంటిదే. క్యాలెండరులో ముందు నిలబడింది ఒక్క అట్టే కాబట్టి బొమ్మలు ఒక్క నెలే జరిగాయి.

"బాబాయ్," అంది ఆ పిల్ల మెల్లగా, "పెద్దమనుషుల్ని పక్క గదిలో కూర్చోబెట్టడమంటే, ముందు పేజీలు తీసేసి వేరే ఫైలు చేయడమేనా?"

బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

"అంతేనమ్మా. బొమ్మల ఫైలులో మొదటి పేజీ మొదటి బొమ్మే కావాలి. దానికి ఒకటో లేబులు ఉందో లేదో చూసుకో. తర్వాత బొమ్మలన్నీ మళ్ళీ కొత్తగా తెచ్చుకో. నువ్వు చేత్తో మార్చినవి ఒక్కటి కూడా ఉంచకు. ఆయన ఆ వేరే ఫైలులో ఎన్ని పేజీలు చేర్చినా ఇక నీ బొమ్మలు కదలవు."

ఆ రోజు ఆయన కోతలు లేకుండా మాట్లాడింది ఆ కాసేపే. ఇంత తిన్నగా ఈయనకి ఎలా తెలుసో ఆ పిల్లకి అర్థమైంది. క్యాలెండర్లన్నీ ఊరంతా పంచేశాక, ఏ గోడ చూసినా తన తప్పే వేలాడుతుంటే, కూర్చుని కారణం వెతుక్కుని ఉంటాడు. ఆ మాట పైకి అనలేదు. కవరు నెత్తిన పెట్టుకుని వానలోకి పరుగెత్తింది.

ఆమె తిరిగొచ్చేసరికి చినుకులు పల్చబడ్డాయి. కొత్త ప్రూఫు బల్ల మీద పరిచింది. తాత కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిప్పాడు. విరిగిన చేతికి కట్టు. కాలిన చోట నీళ్ళ ధార. ముక్కు దగ్గర ముక్కు. మూలన ఓనరుగారి సంతకం పడి ఉంది.

"మిషనెక్కించమన్నారు," అంది.

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చూశారా. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను, వినండి. ఈ పిల్ల ఇంకా ఫోన్లు ఎత్తే రోజుల్లోనే నాకు తెలుసు, దీనికి ఇలాంటి కష్టం వస్తుందని. పాఠం గోడ మీద ఉంటే ఎప్పటికైనా కంటబడుతుందని ఆ క్యాలెండరు కావాలనే అలా వేశాను. తెలిసే వేశాను."

"కావాలనే వేశావురా, సరే," అన్నాడు తాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "బొమ్మలన్నీ ఒక నెల జరిగాయి కదా. మరి చివరి నెల బొమ్మ ఏదీ? దాన్నెక్కడ పెట్టావు?"

బాబాయి నోరు తెరిచాడు. క్యాలెండరు కేసి చూశాడు. మబ్బుల్లో చంద్రుడు కూడా లేడు చూపించడానికి. తెరిచిన నోటికి పని కల్పించాలి గనుక గ్లాసు ఎత్తి గుక్క వేశాడు, వెంటనే మొహం చిట్లించాడు. ఈసారి చల్లారింది ఆయన టీయే.

ఆ పిల్ల చెయ్యి చాపి గ్లాసు అందుకుంది.

"అత్తా," అంది కొట్టు అక్కతో, "బాబాయికి వేడిగా ఇంకొకటి పొయ్యి. చివరి బొమ్మ ఎక్కడుందో ఆలోచించుకోవాలి కదా."