అర డిగ్రీ దగ్గర ఆగిన జవాబు

వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూన్ ఇరవయ్యో తేదీ ఉదయం, ఇస్త్రీ నలగని చొక్కాతో మన వాతావరణ పరిశోధన సంస్థ మెట్లెక్కిన యువకుడు, ఈ నెలాఖరున ఇంధన, వాతావరణ విభాగాధిపతిగా ఆ మెట్లు దిగి ఇంటికి వెళ్తున్నారు. వారిని మనం ఎదుట ‘సార్’ అనీ, చాటున ‘అటూ ఇటూ గారు’ అనీ పిలుచుకున్నాం. ఏ సంఖ్య చెప్పినా ‘ఇంత అటూ ఇటూ’ అని చేర్చనిదే వారికి మాట పూర్తయినట్టుండదు. ఆ పేరు వారి చెవిన పడలేదని మనమూ, పడలేదన్నట్టు వారూ ఇన్నేళ్లు మర్యాదగా నటించాం.

తొలి కొలువు మేడ మీద. ఎండలో ఉష్ణమాపకాలు చూసి అంకెలు వేసుకోవడమే పని. అక్కడ పక్కన కొత్త గోడ లేచిన నాటి నుండి మన పరికరం కాస్త ఎక్కువ వేడి చూపుతోందని మొదట పసిగట్టినది వారే. భూమి వేడెక్కుతోందని అప్పటికే గట్టిగా నమ్మిన మనిషి, తన వాదానికి కలిసివచ్చే ఆ అదనపు వేడిని తన చేత్తోనే లెక్కలోంచి కొట్టివేశారు. తనకు అనుకూలమైన అంకెను ముందుగా అనుమానించడమే శాస్త్రమని వారు ఉపన్యాసమిచ్చి నేర్పలేదు, చేసి చూపించారు.

విభాగాధిపతి అయ్యాక వారు నెలకొల్పిన ఆచారం ‘తప్పు టీ’. అంచనా తప్పినవారు అందరికీ టీ ఇప్పించి, ఎందుకు తప్పిందో కప్పు ఖాళీ అయ్యేలోగా వివరించాలి. తప్పును దాచుకోవలసిన అవసరమే మన గదిలో లేకుండా పోయింది. చలిరోజున ఎవరైనా వచ్చి ‘వేడెక్కుతోందన్నారు, ఏదండీ’ అని ఎకసెక్కమాడితే, “జ్వరం మనిషికి ఒక పూట ఒళ్లు చల్లబడిందని మందు మానేస్తామా?” అని నవ్వి ఊరుకునేవారు. వారి సతీమణిని పలకరిస్తే, ఇంట్లోనూ ఇదే వరస అన్నారు. “కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతానండీ. సరిపోయినట్టే ఉంది గానీ ఒక్క ముద్దతో తేల్చలేనంటారు. రెండోసారి వడ్డించుకోవడానికి అదో ఎత్తు.”

ఇక చెప్పక తప్పని సంగతి. ఇరవయ్యొక్క ఏళ్ల కిందట, ఊరి చివరి పాత బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసివేయాలా, గడువు పొడిగించాలా అన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచపు వేడికి ఒక్క కేంద్రమే కారణం కాదని, అయితే ఇటువంటి నిర్ణయాలన్నీ కలిసే ఆ వేడి అవుతుందని వారు నివేదికలో వ్రాశారు. అన్నిచోట్లా ఇదే దారి పడితే ఇరవై ఏళ్లలో మన ఊరి వేసవి సగటు అర డిగ్రీ నుండి ఒకటిన్నర డిగ్రీ దాకా పెరగవచ్చని, ఒక డిగ్రీకే ఎక్కువ అవకాశమని తేల్చారు. సమావేశంలో కమిటీ అధ్యక్షుడు కాగితం కింద పెట్టి, “అంటే అర డిగ్రీతో కూడా పోవచ్చన్నమాట, అంతేనా?” అన్నాడు. “పోవచ్చండీ,” అన్నారు సార్. అడిగినదానికి నిజం చెప్పి కూర్చున్నారు. ఒకటిన్నర కూడా కావచ్చునన్న మాట ఆ గదిలో ఎవరూ అడగలేదు గనుక ఎవరూ వినలేదు. గడువు పొడిగించారు. అటువంటి గడువులు చాలాచోట్ల పెరిగాయి.

నిరుడు వేసవిలో ఆ లెక్క తేలింది. పెరుగుదల ఒక డిగ్రీని దాటింది. అదే వారంలో మన పరికరాల మెకానిక్, సార్‌తో పాటే ఉద్యోగంలో చేరి ఆయనను ‘బావా’ అని పిలిచే ఒకే ఒక్క మనిషి, మేడ మీద వడదెబ్బకు కూలిపోయారు. ప్రాణం దక్కింది గానీ ఇక ఎండలోకి వెళ్లడానికి వీల్లేదన్నారు వైద్యులు. ఆస్పత్రి నుండి వచ్చిన సార్ మా అందరికీ టీ తెప్పించారు. మాకు అర్థం కాలేదు.

“మీ అంచనా నిజమైంది కదా సార్, మీరెందుకు ఇప్పించడం?” అన్నాను.

“లెక్క తప్పలేదయ్యా. చెప్పడంలో తప్పాను. ఆనాడు ఆ కమిటీ అధ్యక్షుడు తనకు కావలసిన కొసే పట్టుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఇంకో కొస నా చేతిలో ఉంది. అడగలేదు కదా అని ఊరుకున్నాను.”

“చెప్పినా వినేవారు కాదేమో సార్.”

“కాకపోవచ్చు. అది వాళ్ల తప్పయ్యేది. ఇది నాది.”

ఆనాడు వారి కప్పు ఖాళీ కాలేదు. అభినందన సంచికలో ఇటువంటిది ఎందుకని కొందరు మిత్రులు వారించారు. నాకూ మనసొప్పలేదు. వారినే అడిగితే, “అది తీసేసి రాస్తే నచ్చిన అంకెలు ఏరుకున్నట్టే. నా గురించి ఆ పని చెయ్యకండి,” అన్నారు. ఒక్క వాక్యం చెప్పనందుకు ఇంతగా కుమిలే మనిషిని, అసలు వినదలచుకోని లోకం ఒంటరిగా బాధపడనిచ్చిందే అన్నది నా బాధ. ఇప్పుడు మన విభాగంలో ఏ అంచనా బయటికి వెళ్లినా, చివరి కొస నిజమైతే ఎవరికి ఏమవుతుందో ఎవరూ అడగకముందే చెబుతున్నాం. దానికి వారు సంతోషించారు గానీ, ఆలస్యమైందని కూడా అన్నారు.

సార్, మీరు వెళ్తూ వెళ్తూ మా చేతిలో పెట్టినది రాబోయే ఇరవై ఏళ్ల అంచనా. దానిలో లోపం కోసం మేమంతా వెతికాం, దొరకలేదు. లెక్కలో దొరకని తప్పును లోకంలో పుట్టించాలి, ఆ పని మాది. సహధర్మచారిణీ సమేతంగా, బిడ్డల, మనవల ఆదరణలో మీరు ఆయురారోగ్యాలతో ఆ ఇరవై ఏళ్లూ దాటాలి. వేసవులు మీరు చెప్పినంతగా మండకుండా ఊరుకున్ననాడు, ‘నా లెక్క ఎక్కడ తప్పిందయ్యా’ అని మమ్మల్ని నిలదీయడానికి మీరు స్వయంగా నడిచి రావాలి.