ఇరవై మూడు సీసాలు

బారువ దగ్గర కొబ్బరితోటలో బైరాగి ఇంటి అరుగు. డాక్టర్ ప్రమోదిని ఒళ్ళో కంప్యూటరు, బైరాగి చేతిలో కత్తీ కొబ్బరిబొండాం, అతని భార్య సన్యాసమ్మ చేతిలో చేట. ముగ్గురిలో నోరు కట్టుకు కూర్చునే రకం ఒక్కరూ లేరు.

"...అందుకే అడుగుతున్నాను బాబాయ్. మూత్రపరీక్ష సీసాలు వీధిలో పంచింది మీరే, తిరిగి తెచ్చి ఇచ్చిందీ మీరే. ఆ రోజు ఏం జరిగింది?"

"ముందు నా నాడి సూడండి డాట్రమ్మా. ఇంత దూరం వచ్చినారు."

"నాడి తర్వాత."

"కిందటేడూ ఇదే మాట. పదేళ్ళు సదివినారు. సూదెయ్యరు, మందియ్యరు, వచ్చిన కాడినుంచీ ఆ పెట్టి మీటలు నొక్కుతారు. ఏం డాట్రమ్మండీ మీరు?"

"ఊరుకో! ఆయమ్మని అలగంటావేటి?"

"అననీ పిన్నీ, మా అమ్మా ఇదే అంటుంది. టెక్కలిలో ఎనిమిదేళ్ళు రోగుల్ని చూశాను బాబాయ్. మీ ఉద్దానం వాళ్ళు కిడ్నీలు పాడై, కాళ్ళు వాచాకే వచ్చేవారు. అప్పటికి చెయ్యడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగిలేది కాదు. కాస్త ముందు తెలిస్తే బావుణ్ణని ఏడుపొచ్చేది. అందుకే నాడి వదిలి ఈ మీటలు పట్టుకున్నాను. ఊళ్ళో పరీక్షలన్నీ ఇందులో వేస్తే, ఒంట్లో ఏ బాధా తెలియకముందే ఫలానా మనిషికి కిడ్నీ చెడటం మొదలైందని చెప్తుంది. పేరు పక్కన ఎర్ర గుర్తు పెడుతుంది."

"మంచిదే గదా. పెట్టుకోనీండి."

"మీ వీధిలో ఇరవై మూడు మందికీ పెట్టింది."

"...బొండాం తాగండి."

"తాగాను."

"ఇంకోటి కొట్టనా?"

"బాబాయ్!"

"సెప్పండి, సెప్పండి. ఇంటన్నాను."

"అందరికీ ఇంచుమించు ఒకే అంకె. మా ఆఫీసులో నవ్వుతున్నారు. నా ప్రోగ్రాం ఒక మనిషి అంకెనే ఇరవై మూడుసార్లు రాసేసుకుందట. సోమవారంలోగా సంగతేమిటో తేల్చకపోతే మూసేస్తామన్నారు. నాలుగేళ్ళ కష్టం బాబాయ్ ఇది."

"ఒకటే నీళ్ళు తాగుతన్నాం, ఒకటే సేపలు తింటన్నాం. అంకె ఒకటే రాదేటి?"

"పద్దెనిమిదేళ్ళ కుర్రాడికీ, ఎనభై ఏళ్ళ ముసలాయనకీ?"

"మా ఈదిలో కట్టుబాటు ఎక్కువ."

"సరే. ఆ ముసలాయన, అప్పలసూరి తాత ఎలా ఉన్నారు?"

"బాగున్నాడు."

"ఓలమ్మో! ఏటామాట? తాత పోయి రెండు నెల్లయినాదమ్మా. దినం బోజనాల్లో పప్పు వడ్డించినాడు ఈయనే!"

"నువ్వూరుకోయే!"

"మరి పోయినవారం ఆయన సీసా ఎలా వచ్చింది బాబాయ్? నిండుగా, మూత బిగించి, పేరు రాసి?"

"...లిస్టులో పేరున్నాది. కాళీ సీసా పంపితే బాగుండదని."

"ఇంకేటి దాత్తావు? సెప్పీ. ఆరు బొండాలు తాగి, పొద్దున్న పదకొండు దాకా పెరట్లోంచి రానేదని నన్ను సెప్పమంటావేటి?"

"సెప్పేసినావు గదా, ఇంక నానేటి సెప్పాల? నావేనమ్మా. ఇరవై మూడూ నావే."

"ఇరవై మూడూనా!"

"ఆఖరి రెండూ నింపడానికి సచ్చి బతికినాను."

"ఎందుకు బాబాయ్ ఇంత పని?"

"మా అబ్బాయి సుమన్‌గాడికి నందిగాం సంబందం సూత్తన్నాం. ఆళ్ళేటన్నారు? ఉద్దానమా, అయితే కిడ్నీ కాగితం పట్రండి అన్నారు. జాతకం అడగనేదు తల్లీ! గుంటడు బెంగెట్టుకుని అన్నం మానేసినాడు. ఆ కాగితంలో ఎర్రగా పేరు పడితే ఇంకాడికి పిల్లనెవులిత్తారు? నీ సీసా ఇలగియ్యిరా అన్నాను. అది పక్కింటి పోలారావు సూసినాడు. ఆడికి పెళ్ళీడు కూతురున్నాది. ఆడి ఇంటి సీసాలొచ్చినాయి. ఆడెనకాల ఈదంతా వచ్చీసినాది."

"అందరూ మీ దగ్గరికే ఎందుకు?"

"అదేటలగడుగుతారు? మడిలో తొలి ఇత్తనం మంచి సెయ్యున్నోడి సేత ఏయిత్తాం గదా. ఇదీ అలగే. యాబై రెండేళ్ళు నాకు. రోజుకి ముప్పై సెట్లెక్కి దిగుతాను. తలనొప్పి బిళ్ళ కూడా ఎరగను. ఈదిలో నా అంత ఆరోగ్యం ఎవులికున్నాది?"

"గొప్పే. ఆ సెయ్యి గొప్పకి పెరట్లో కరేపాకు మొక్క సచ్చిపోనాది."

"అంటే... ఇరవై మూడు సీసాల్లోనూ ఒక్క మనిషిదే."

"ఒట్టెయ్యమంటారేటి?"

"ఒక్క మనిషిదే! అందుకే ఒకే అంకె! నా ప్రోగ్రాం తప్పు చెయ్యలేదు బాబాయ్! ఏదీ రాసేసుకోలేదు. సీసాలో ఏముందో అదే చెప్పింది!"

"నన్ను తిట్టరేటి?"

"తిడతాను. గట్టిగా తిడతాను. వీధి వీధంతా మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి, ఈసారి ఎవరి సీసా వాళ్ళదే. కాగితాలు పెళ్ళివారికి కనపడకుండా చూసే పూచీ నాది. ముందు ఆఫీసుకి ఫోను చెయ్యనివ్వండి, ఇన్నాళ్ళూ నవ్విన వాళ్ళ మొహాలు..."

"సూసినావేటే సన్యాసీ? డాట్రమ్మని గెలిపించింది నా సీసాలే! ఉండండమ్మా, ఇంకో బొండాం కొడతాను."

"కొట్టండి బాబాయ్, రెండు కొట్టండి!"

"ఆగండి ఇద్దరూ."

"ఏటే?"

"నాను సదువుకోనేదమ్మా, తెలీక అడుగుతన్నాను. సీసాలన్నీ ఈయనవే. ఆ పెట్టి తప్పు సెప్పనేదు. మరైతే ఆ ఎర్ర గుర్తు ఎవులిది?"

"ఫోను తర్వాత."

"అదేటి డాట్రమ్మా, పోను సెయ్యరేటి?"

"పిన్నీ, ఈ కంప్యూటరు కాస్త పట్టుకో. బాబాయ్... కత్తి కింద పెట్టి చెయ్యి ఇటివ్వండి."